అడ్వాన్స్ ఎవరి సొమ్ము? ఇల్లు ఖాళీ చేసే వేళ తెగని లెక్క

"కొత్తవాళ్లు చేరగానే ఇచ్చేస్తాం." ఇల్లు ఖాళీ చేసేవారికి ఓనర్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. అంటే చేరినప్పుడు ఇచ్చిన అడ్వాన్స్ ఓనర్ దగ్గర లేదు, ఎప్పుడో ఖర్చయిపోయింది. రాబోయేవారి అడ్వాన్స్ తెచ్చి వెళ్లేవారికి సర్దాలి. ఇల్లు వెంటనే నిండితే గొడవ లేదు. నిండకపోతే రంగుల ఖర్చు, కరెంటు బకాయి, పగిలిన టైలు, చాలని నోటీసు ఒకటొకటిగా లెక్కలోకి వస్తాయి.

ఈ తగాదా మీద చట్టం ఉంది, తీర్పులున్నాయి, నమూనా చట్టం కూడా వచ్చింది. అయినా చిక్కు విడలేదు. అడ్వాన్స్ అంటే ఏమిటన్న విషయంలోనే ఇచ్చినవారిదీ పుచ్చుకున్నవారిదీ ఒకే అవగాహన కాదు. ఓనర్‌కు అది పూచీ. అద్దెదారుకు అది దాచుకున్న సొమ్ము. వాడుకలో చూస్తే అది వడ్డీ లేని అప్పు. చివరి రెండు నెలలు "అడ్వాన్స్‌లో కట్ చేసుకోండి" అనేవారికి అది ముందే కట్టిన అద్దె. ఒకే డబ్బుకు నాలుగు పేర్లు ఉన్నప్పుడు తిరిగి ఇచ్చే రోజున నాలుగు లెక్కలు రావడంలో వింత లేదు.

నేపథ్యం: ఒక్క నెల పరిమితి ఏమైంది?

తెలుగు ప్రాంతాల్లో అద్దెల మీద ప్రభుత్వ అదుపు రెండో ప్రపంచ యుద్ధకాలపు ఇళ్ల కొరతతో మొదలైంది. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం అమలయ్యేవి. రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. దాని 7వ సెక్షన్ ప్రకారం ఓనర్ ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఇవాళ రెండు మూడు నెలలకు అలవాటుపడ్డ పాఠకుడికి ఇది ఆశ్చర్యమే.

ఈ పరిమితి మీద ముఖ్యమైన తీర్పు గూడూరు నుంచి వెళ్లిన వ్యాజ్యంలో వచ్చింది. అక్కడి ఒక హోటల్ అద్దె బకాయి పడిందని ఓనర్ ఖాళీ చేయించబోయారు. ఆయన దగ్గర పరిమితికి మించిన అడ్వాన్స్ ఉండగా అద్దెదారు ఎగవేశాడని ఎలా అంటామని 1989లో సుప్రీంకోర్టు ప్రశ్నించి, ఆ సొమ్మును బకాయికి సర్దాలని తేల్చింది. నియంత్రణ పరిధిలో ఉన్న ఇంటికి "కట్ చేసుకోండి" అనే మాటకు ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

అయితే ఆ పరిధి రానురాను కుంచించుకుపోయింది. 1957 ఆగస్టు 26 తరవాత కట్టిన ఇళ్లన్నిటికీ మినహాయింపు ఇచ్చిన నిబంధనను 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ 2005 సవరణ వేరే రూపంలో మినహాయింపులు తెచ్చింది: పదిహేనేళ్లు దాటని భవనాలు, నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు చట్టం బయట ఉంటాయి. హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఇప్పుడు ఒక గది దొరకడమే కష్టం. పుస్తకంలో ఒక్క నెల పరిమితి అలాగే ఉండగా, అది కాపాడాల్సిన ఇళ్లు దాదాపుగా దాని గీత దాటి వెళ్లిపోయాయి.

గీత దాటిన ఇళ్లకు మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. వీటిలో అడ్వాన్స్‌కు పరిమితి లేదు, తిరిగి ఇవ్వడానికి గడువు లేదు. అంతా ఒప్పందపత్రంలో రాసుకున్నదాన్ని బట్టి.

కొత్త చట్టం: నమూనా ఒకటి, అమలు వేరు

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసానికి రెండు నెలలు, ఇతర అవసరాలకు ఆరు నెలల అద్దె మించి డిపాజిట్ తీసుకోకూడదు. ఓనర్ ఇల్లు స్వాధీనం చేసుకునే రోజునే, న్యాయంగా రావాల్సినవి మినహాయించుకుని మిగతాది ఇచ్చేయాలి. తగాదాలకు రెంట్ అథారిటీ, రెంట్ కోర్టు, ట్రిబ్యునల్ అని మూడంచెలు పెట్టారు.

కేంద్రంలో నమూనా వచ్చినంత మాత్రాన మన ఇంటికి అది వర్తించదు. అద్దె వ్యవహారం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. రాష్ట్ర శాసనసభ చట్టం చేస్తే తప్ప "రెండు నెలల రూలు" చూపించి ఓనర్‌ను నిలదీయడం కుదరదు. నమూనా బాటలో తమ చట్టాలు మార్చుకున్న రాష్ట్రాలుగా ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంలను కేంద్రం పేర్కొంది. తెలంగాణ ఇంకా 1960 చట్టం మీదే నడుస్తోంది. వాట్సాప్‌లో తిరిగే "కొత్త అద్దె రూల్స్" చదివేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

తమిళనాడు 2017 చట్టం 2019లో అమల్లోకి వచ్చింది. వేరే ఒప్పందం లేకపోతే డిపాజిట్ మూడు నెలల అద్దె మించకూడదు. ఖాళీ చేశాక నెల లోపు తిరిగి ఇవ్వాలి. "వేరే ఒప్పందం లేకపోతే" అన్న ఆ మూడు మాటలు చాలు, పది నెలల అడ్వాన్స్ అలవాటున్న చెన్నైలో పాత పద్ధతి తలుపు సందులోంచి మళ్లీ లోపలికి రావడానికి. బెంగళూరుకూ పది నెలల అడ్వాన్స్ కొత్తది కాదు. అక్కడికి ఉద్యోగాలకు వెళ్లే తెలుగువారికి ఈ తగాదా లక్షల్లో ఉంటుంది.

నాలుగు వాదాలు

*పూచీ వాదం.* ఓనర్ల పక్షం ఇది. అద్దె కట్టని మనిషిని కోర్టు ద్వారా పంపాలంటే ఏళ్లు పడుతుంది. కరెంటు మీటరు ఓనర్ పేరునే ఉంటుంది, బకాయి పెట్టి వెళ్తే సర్వీసు కట్ అయ్యేది ఆ ఇంటికే. రిటైరై పై అంతస్తు అద్దె మీద బతికే వారికి రెండు నెలల అడ్వాన్స్ తప్ప వేరే రక్షణ లేదు. ఈ వాదంలో బలం ఉంది. కానీ పూచీ అన్నాక నష్టం ఎంతో చూపించే బాధ్యతా ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఈ వాదం గొంతు తగ్గిస్తుంది.

*అప్పు వాదం.* అద్దెదారుల పక్షం. ఓనర్ ఈ డబ్బును వాడుకుంటున్నాడు కాబట్టి ఇది అప్పే. ఖాళీ చేసిన రోజున తీర్చాలి, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి. 1978 నాటి వడ్డీ చట్టం దీనికి కొంత ఊతమిస్తుంది: వడ్డీ కోరుతూ రాతపూర్వకంగా నోటీసు ఇస్తే ఆ తేదీ నుంచి కోర్టు వడ్డీ వేయవచ్చు. ఈ వాదం బలహీనత చివరి నెలల్లో బయటపడుతుంది. అద్దె ఆపేసి "కట్ చేసుకోండి" అన్నవారు పూచీని తామే ఖర్చు చేసేశారు. గోడకు నిజంగా నష్టం జరిగి ఉంటే ఓనర్ చేతిలో ఇక ఏమీ మిగలదు.

*ఒప్పంద వాదం.* ఇద్దరూ ఇష్టపడి సంతకం పెట్టారు, చట్టానికేం పని అంటుంది ఇది. పరిమితి పెడితే ఓనర్లు అద్దె పెంచుతారనీ, ఇల్లు ఖాళీగా ఉంచుకుంటారనీ వీరి హెచ్చరిక. 1960 చట్టం అనుభవం చూస్తే దీన్ని తోసిపుచ్చలేం. అయితే ఒప్పందపత్రం ఎక్కువగా ఓనరో బ్రోకరో తెచ్చిన అచ్చు కాగితం. సామాను లారీ కింద నిలబడి ఉండగా పెట్టే సంతకంలో బేరమాడే వీలెంత?

*మూడో చేయి వాదం.* డబ్బు ఇద్దరిలో ఎవరి దగ్గరా ఉండకూడదంటుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1977 నుంచి ప్రభుత్వ బోర్డే ఈ సొమ్మును దాస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2007 ఏప్రిల్ 6 నుంచి డిపాజిట్‌ను గుర్తింపు పొందిన రక్షణ పథకంలో నమోదు చేయడం తప్పనిసరి. అలా చేయని ఓనర్ డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా పరిహారం కట్టాలి. మన దగ్గర ఈ వాదానికి అడ్డు ఖర్చూ నమ్మకమూ. ఇరవై వేల అడ్వాన్స్ కోసం ఇంకో కార్యాలయం చుట్టూ తిరగడానికి ఇరుపక్షాలూ జంకుతాయి.

విదేశాల్లో తెలుగువారికి ఎదురయ్యే లెక్కలు

చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లినవారు అక్కడ చూసే పద్ధతులు పోల్చి చూడదగ్గవి.

- టెక్సస్: 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. దురుద్దేశంతో ఆపితే 100 డాలర్లతో పాటు అన్యాయంగా ఆపిన సొమ్ముకు మూడు రెట్లు. కానీ వెళ్లేవారు కొత్త చిరునామా రాసి ఇచ్చేదాకా ఓనర్‌కు ఆ బాధ్యత మొదలవదు.
- న్యూజెర్సీ: డిపాజిట్ నెలన్నర అద్దె మించకూడదు. 30 రోజుల గడువు. అన్యాయంగా ఆపితే రెట్టింపు.
- కాలిఫోర్నియా: 2024 జూలై 1 నుంచి పరిమితి ఒక నెల, చిన్న ఓనర్లకు కొంత మినహాయింపు. 21 రోజుల్లో పద్దులతో లెక్క చెప్పాలి.
- ఇంగ్లండ్: 2019 చట్టంతో పరిమితి ఐదు వారాల అద్దె. ఏడాది అద్దె 50 వేల పౌండ్లు, ఆపైన అయితే ఆరు వారాలు.

అంకెలు వేరైనా వీటన్నిటి వెనుక పని చేసే సూత్రం ఒకటే. తేదీ దాటితే శిక్ష, కోతకు రాతపూర్వక లెక్క. మన చర్చ ఎక్కువగా "ఎన్ని నెలలు" అన్నదాని చుట్టూ తిరుగుతుంటే, ఆ దేశాల చట్టాలు "ఎప్పటిలోగా, ఏ ఆధారంతో" అన్నదాని మీద బరువు పెట్టాయి.

తెగని ముడులు

*రంగులు.* అన్నిటికంటే పెద్ద కోత ఇదే. చాలా ఒప్పందాల్లో పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని ముందే రాస్తారు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. నమూనా చట్టం ఇంకా స్పష్టంగా వెల్ల వేయడం, తలుపులు కిటికీల రంగులు, పైపులు, వైరింగ్ ఓనర్ వంతుకు, కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారు వంతుకు పంచింది. కానీ రెండు చట్టాలూ వేరే ఒప్పందానికి చోటిస్తాయి. మూడేళ్లు ఉన్న ఇంటికీ ఆరు నెలలు ఉన్న ఇంటికీ ఒకే పెయింటింగ్ ఛార్జీ పట్టడం న్యాయమా అన్నది ఇంకా ఎవరికి వారు తేల్చుకుంటున్న ప్రశ్నే.

*నోటీసు.* ఒప్పందంలో ఏమీ లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలంటుంది చట్టం. ఒప్పందాలు మాత్రం రెండు నెలలు అడుగుతాయి. "ముందే వెళ్తే అడ్వాన్స్ రాదు" అనే షరతు పూర్తిగా చెల్లదని చెప్పలేం. పూర్తిగా చెల్లుతుందనీ చెప్పలేం. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ సమంజసమైన పరిహారాన్నే ఒప్పుకుంటుంది. నష్టమే జరగనప్పుడు జప్తు కుదరదని 2015లో సుప్రీంకోర్టు మరో రకం వ్యవహారంలో చెప్పింది. పాతవారు ఖాళీ చేసిన వారంలోనే కొత్తవారు దిగిన ఇంటికి ఓనర్ రెండు నెలల నష్టం చూపించడం కష్టం.

*తాళం ముందా, డబ్బు ముందా?* డబ్బు ఇస్తేనే తాళం అని అద్దెదారు, తాళం ఇస్తేనే డబ్బు అని ఓనర్ పట్టుబడతారు. నమూనా చట్టం రెండూ ఒకే రోజన్నది. ఆ చట్టం లేని చోట తాళం పట్టుకు కూర్చుంటే ఆ రోజులకూ అద్దె లెక్క పెరుగుతుందన్న భయం ఉంది. ఇచ్చేస్తే పట్టు పోతుందన్న భయమూ ఉంది.

*వెనకటి కరెంటు లెక్క.* ఇది మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న ముడి. వాడకాన్ని బట్టి విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) అదనపు డిపాజిట్ వేస్తాయి. అది మీటరు ఉన్న ఓనర్ ఖాతాలో ఉండిపోయే సొమ్ము, అయినా బిల్లులో కనబడగానే కట్టేది అద్దెదారే. ట్రూఅప్ ఛార్జీల తీరు దీనికి తిరగబడ్డది: గడిచిన ఏళ్ల వాడకం లెక్క ఇవాళ ఇంట్లో ఉన్నవారి బిల్లులో పడుతుంది. ఖాళీ చేసే రోజున ఎవరి బకాయి ఎవరిదో విడదీయడానికి బిల్లు కాగితం ఒక్కటే సరిపోదు.

*ఇల్లు చేతులు మారితే?* అడ్వాన్స్ పాత ఓనర్ తీసుకున్నాడు, ఇల్లు కొత్త ఓనర్ కొన్నాడు. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఎవరిని బాధ్యుడిగా చూడాలో ఎంచుకునే అవకాశం అద్దెదారుకు ఉంది. అమ్మినంత మాత్రాన పాత ఓనర్ బాధ్యత పోదు. అడ్వాన్స్ బాధ్యత ఇంటితో పాటు నడిచేదా, మనిషితో ఉండిపోయేదా అన్న వాదం మాత్రం మిగిలే ఉంది.

*పదకొండు నెలల కాగితం.* ఏడాది దాటే లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి పదకొండు నెలల ఒప్పందం ఆచారమైంది. అదీ ఎవరూ పునరుద్ధరించకుండా నాలుగేళ్లు సాగుతుంది. కాగితం బలహీనపడ్డా డబ్బు మీద హక్కు పోదన్న వాదానికి కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ అండగా ఉంది: ఒప్పందం చెల్లకపోయినా పుచ్చుకున్న లాభం తిరిగి ఇవ్వాల్సిందే.

వసూలు దారులు: పోల్చి చూస్తే

- *పోలీసు స్టేషన్.* చాలామంది మొదట వెళ్లేది ఇక్కడికే. "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేస్తారు. నమ్మకద్రోహం కింద కేసు పెట్టాలనే వాదం ఉన్నా, సివిల్ తగాదాలకు క్రిమినల్ రంగు పూయవద్దని సుప్రీంకోర్టు పదేపదే హెచ్చరించింది. బెదిరింపు, దౌర్జన్యం జరిగితే అది వేరే సంగతి.
- *వినియోగదారుల కమిషన్.* మామూలు అద్దె ఇంట్లో ఓనర్ సేవ అమ్మడం లేదని, అద్దెదారు వినియోగదారు కాడని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. భోజనం, శుభ్రత కలిపి అమ్మే హాస్టళ్లు, పేయింగ్ గెస్ట్ వసతులు ఈ మాట కిందికి తేలిగ్గా రావు. అక్కడ ఈ దారికి బలం ఎక్కువ.
- *సివిల్ కోర్టు.* హక్కు స్పష్టమే, రాతపూర్వక ఒప్పందం మీద సంక్షిప్త దావాకూ వీలుంది. ఇల్లు అప్పగించిన నాటి నుంచి మూడేళ్ల లోపు వేయడం క్షేమం. కానీ ముప్పై వేల కోసం లాయరు ఫీజు, వాయిదాలు లెక్కేస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.
- *న్యాయ సేవాధికార సంస్థ, లోక్ అదాలత్.* చిన్న మొత్తాలకు తగిన చోటు ఇదే. దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. లోపం ఒక్కటే: ఓనర్ రాజీకి రాకపోతే ఈ దారి అక్కడితో ఆగుతుంది.

ఏ దారి పట్టినా మొదటి మెట్టు ఒకటే: ఎంత రావాలో, ఏ తేదీలోగా ఇవ్వాలో, దాటితే వడ్డీ కోరతామనీ రాసి, అందినట్టు రుజువు ఉండేలా తపాలాలో పంపిన లేఖ. వాట్సాప్ సంభాషణలు కూడా 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే సర్టిఫికెట్‌తో సాక్ష్యంగా నిలుస్తాయి. అడ్వాన్స్ నగదుగా ఇస్తే మాత్రం ఇచ్చామని చూపడమే మొదటి యుద్ధమవుతుంది.

తేలినవి, తేలనివి

ఇప్పటికి తేలినవి మూడు. మామూలు అరుగుదల అద్దెదారు బాధ్యత కాదు. నష్టానికి మించిన జప్తు కోర్టులో నిలవడం కష్టం. ఆలస్యానికి వడ్డీ అడగవచ్చు. తేలనివి కూడా మూడు: పెయింటింగ్ షరతు హద్దు, చేతులు మారిన ఇంటి అడ్వాన్స్, చట్టం గడువు పెట్టని చోట ఎన్నాళ్లలో ఇవ్వాలన్నది.

వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అసమానత కనిపిస్తుంది. తగాదాపడే ఇద్దరిలో డబ్బు ఒకరి చేతిలో ఉంది, లెక్క వేసేదీ ఆ చెయ్యే. రెండోవారు ఊరు మారిపోతున్నారు, సామాను లారీ ఎక్కింది, పిల్లల స్కూలు మారింది. ఇరవై వేల కోసం వెనక్కి తిరిగి వచ్చే తీరిక వారికి లేదని ఇద్దరికీ తెలుసు. పరిమితిని రెండు నెలల నుంచి ఒక నెలకు తగ్గించినా ఈ అసమానత తగ్గుతుందే కానీ పోదు. దాన్ని కదిలించగలిగేవి రెండే: దాటితే శిక్ష పడే తేదీ, కోతకు కారణం చూపాల్సిన భారం డబ్బు పట్టుకున్నవారిది కావడం. ఓనర్ల పూచీ వాదానికి దీనివల్ల నష్టం లేదు. నిజంగా పగిలిన అద్దానికి బిల్లు చూపడం వారికీ కష్టం కాదు.

తెలంగాణలో కొత్త అద్దె చట్టం రాసేవారు "ఎన్ని నెలలు" దగ్గర ఆగకుండా ఈ రెండింటినీ అందులో చేర్చాలి. అందాకా రక్షణ కాగితం మీదే. చేరే రోజున గోడలూ కుళాయిలూ మీటరు రీడింగూ ఇద్దరూ కలిసి చూసి, ఫొటోలు తీసి, ఒక జాబితా కింద సంతకాలు పెట్టుకోవాలి. పెయింటింగ్‌కు ఎంత, నోటీసు ఎన్ని రోజులు, అడ్వాన్స్ ఖాళీ చేసిన ఎన్నో రోజున వస్తుంది అన్నవి అంకెల్లో రాసుకోవాలి. అడ్వాన్స్ తిరిగి వస్తుందో లేదో సగం తేలేది ఇల్లు వదిలే రోజున కాదు, తాళం చేతికి తీసుకునే రోజున.